రజియా మీద పడిన నా బాల్కనీ

ఫిబ్రవరి 6, గురువారం

రజియా భుజం మీద నా బాల్కనీ పడింది.

బాల్కనీ అంతా కాదు. అంతా పడి ఉంటే రాయడానికి నేనూ, తిట్టడానికి అదీ మిగిలేవాళ్ళం కాదు. అడుగు నుంచి కొబ్బరి చిప్పంత పెచ్చు ఒకటి ఊడింది. నాది రెండో అంతస్తు, దానిది మొదటి అంతస్తు. నా నేలే దాని పైకప్పు. రోజూ పొద్దున్నే అది తన బాల్కనీలో కుర్చీ వేసుకుని, వెల్లుల్లి ఒలుచుకుంటూ, ఫిషింగ్ హార్బర్‌లోకి వచ్చే బోట్లు చూస్తూ ఉంటుంది. నిన్న కూడా అదే పనిలో ఉంది.

చప్పుడు విని పైనుంచి, "ఏమిటే పగలగొట్టావ్?" అని అరిచాను.

"నానేటీ పగలగొట్టలేదు. నీ కొంపే నా మీద పడింది," అంది.

ఆ తర్వాత మాట లేదు. రజియా నోట మాట లేకపోవడం ఏమిటో నాకు తెలుసు కనుక కిందకి పరిగెత్తాను. పరిగెత్తాను అని రాశానే గాని, నా మోకాళ్ళు ఇది చదివితే నవ్వుకుంటాయి.

ఎడమ భుజం ఎముక చిట్లిందట. కొడుకు జమీర్ స్టీల్ ప్లాంట్ డ్యూటీ నుంచి యూనిఫాంతోనే వచ్చేశాడు. ఆసుపత్రి నుంచి సరాసరి గాజువాకలో తన ఇంటికి తీసుకుపోయాడు. పోతూ పోతూ ఇక్కడి ఇంటి తాళం చెవి నా చేతిలో పెట్టాడు. పెట్టేటప్పుడు నా మొహం వంక చూడలేదు. వాడికి అ ఆలు దిద్దించింది నేను.

ఫిబ్రవరి 7

రజియాకి ఫోన్ చెయ్యలేదు. మందులకి పడుకుని ఉంటుంది.

ఫిబ్రవరి 8

ఫోన్ చెయ్యలేదు. ఈపాటికి లేచే ఉంటుంది గాని, మనవల గోలలో ఉంటుంది. కోడలు మధులత కాఫీ ఇస్తూ, "ఒక్కసారి చేసి మాట్లాడండి అత్తయ్యగారూ," అంది. కాఫీలో పంచదార ఎక్కువైందని చెప్పాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

అసోసియేషన్ మీటింగు. నలభై ఏళ్ళ బిల్డింగు, సముద్రపు గాలి, ఎవరి పెచ్చు ఎప్పుడు ఊడుతుందో తెలియదని అందరికీ ఇప్పుడే జ్ఞానోదయం అయింది. సెక్రటరీ త్రినాథరావు దగ్గర మందు సిద్ధంగా ఉంది.

"కోసెయ్యడమే మేడంగారూ. కట్టర్ పెట్టి బాల్కనీలన్నీ వరసగా కోసెత్తే పీడా పోద్ది."

"త్రినాథరావుగారూ, మీకు పన్ను పుచ్చితే దవడ కోయించుకున్నారా?"

"పన్ను పీకించుకున్నానండీ."

"సిమెంటు పెట్టి పూడుస్తామంటే ఏమన్నారు?"

"అది... నొప్పెడతాదని వద్దన్నాను."

అందరూ నవ్వారు. నవ్వించి గెలవడం నాకు క్లాసులో అలవాటే. కానీ చేతులు ఎత్తమన్నప్పుడు నవ్విన వాళ్ళలో సగం మంది కోతకే ఎత్తారు. చివరికి తేలింది ఏమిటంటే, ముందు మా వరసలో బాల్కనీకి మరమ్మతు చేయించి చూస్తారు. పరీక్షలో నెగ్గితే మిగతావీ బాగుచేస్తారు. లేకపోతే కట్టరే.

ఫిబ్రవరి 10

అదే ఫోన్ చేసింది.

"ఏటే మంగా, బతికున్నావా?"

"ఆ మాట నేను అడగాలి."

"మరి అడగలేదేం? ఒంటి సేత్తో ఫోన్ పట్టుకుని కూకున్నాను, మహారాణిగారు సేత్తారేమోనని."

బాల్కనీలు కోసేస్తామంటున్నారని చెప్పాను.

"కోసెత్తే పొద్దున్న లెగిసి నానేటి సూడాలే? గోడ సూత్తా కూకోమంటావా? బాగు సేయించు," అంది.

తర్వాత జమీర్ ఫోన్ అందుకున్నాడు. మర్యాదకి లోటు లేదు. "బాగు సేయించండి పెద్దమ్మా, నాను కాదన్ను. కానీ అమ్మీని మళ్ళీ ఆ కింద కూకోబెట్టను. ఆ ఇంటికి బేరం వచ్చింది. రంజాన్ అయ్యాక ఇచ్చేద్దాం అనుకుంటన్నాం."

ఇల్లు వాళ్ళది. ఉంచుకుంటారు, అమ్ముకుంటారు. నాకేం? నాకు కావలసింది కాంక్రీటు బాగుపడటం. అంతే.

ఫిబ్రవరి 11

అంతే.

ఫిబ్రవరి 15, శనివారం

ఇంజనీరు వచ్చింది. పేరు శ్రీసత్య. తల మీద హెల్మెట్, చేతిలో చిన్న సుత్తి. రజియా బాల్కనీలో నిచ్చెన ఎక్కి నా నేలని కింద నుంచి తట్టుకుంటూ పోయింది. గట్టిగా ఉన్నచోట ఖంగుమంది. లోపల వదులైన చోట పగిలిన కుండలా డొల్లగా పలికింది. మధ్య భాగమంతా పగిలిన కుండే.

"బామ్మగారూ, కొంచెం వెనక్కి జరగండి."

"బామ్మని మా ఇంట్లో. ఇక్కడ మేడం అను. ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పాను."

"సరే, మేడం బామ్మగారూ."

ఈ పిల్లతో పేచీ లేదు. చెప్పవలసింది తిన్నగా చెప్పింది. లోపలి ఇనప ఊచలు తుప్పు పట్టి ఉబ్బాయి. ఉబ్బిన ఊచ చుట్టూ ఉన్న కాంక్రీటుని తోసేసింది. ఇప్పుడు కుళ్ళిన మేరకు చెక్కెయ్యాలి, ఊచలు గీకి మందు పుయ్యాలి, ఆపైన దారాలు కలిసిన సిమెంటు ముద్ద పట్టించాలి. వెంట్రుకంత సన్నటి దారాలట. ముద్ద ఆరేటప్పుడు సన్న పగుళ్ళు పడకుండా పట్టి ఉంచుతాయి.

ఆ దారాల మాట రాగానే త్రినాథరావు నా వంక ప్రేమగా చూశాడు. "పూర్వం మట్టిగోడల్లో గడ్డి కలిపీవోరు కదండీ మేడంగారూ?"

ముసలమ్మ ఉన్నచోట మట్టిగోడ మాట రాకపోతే జనానికి అన్నం అరగదు. "నేను పుట్టింది అమలాపురంలో డాబా ఇంట్లో. మా ఇంట్లో గడ్డి గేదెలు తినేవి," అన్నాను.

శ్రీసత్య బాల్కనీలో అక్కడక్కడ డ్రిల్లుతో పొడి తీసి పొట్లాలు కట్టుకుపోయింది. ఉప్పు ఎంతుందో చూస్తారట. సముద్రం పక్కన ఉప్పు కోసం పరీక్ష దేనికమ్మా అన్నాను. ఎక్కడ ఎంత లోతుకి దిగిందో తెలిస్తేనే ఎంత చెక్కాలో తెలుస్తుందంది.

ఫిబ్రవరి 18

పనివాళ్ళు రాకముందే రజియా సామాను సర్దాలని కిందకి వెళ్ళాను. దుమ్ము పడకుండా బీరువా మీద, మంచం మీద పాత దుప్పట్లు కప్పాను. పావుగంట పని. చీకటి పడబోతుంటే మధులత వచ్చి పిలిచింది.

ఆ ఇంట్లో మనిషి లేకుండా నేను ఒక్కదాన్నే ఉండటం ఇదే మొదలు. హాల్లో రజియా వాళ్ళాయన కరీం బాషాగారి ఫొటో ఉంది. హార్బర్ దగ్గర వలలు, తాళ్ళు అమ్మే కొట్టు ఆయనది. మా ఆయన పోర్టులో. ఇద్దరూ మెట్ల మీద ఎదురైతే ఒకరు "ఏం సార్" అనేవారు, ఇంకొకరు "అంతే సార్" అనేవారు. పాతికేళ్ళ స్నేహం ఆ రెండు మాటల్లోనే నడిపారు. మిగతా మాటలన్నీ మేం పంచుకున్నాం.

మా మొదటి పరిచయం పోట్లాట. కాపురం కొత్తలో నేను ఉతికిన చీరలు పిండకుండా కటకటాల మీద ఆరేశాను. కింద అది రంజాన్ కోసం సేమియా చేసి పళ్ళెంలో ఆరబెట్టుకుంది. నా నీలం చీర రంగు దిగి కారి సేమియా నీలమైంది. పళ్ళెం తెచ్చి నా గుమ్మంలో పెట్టి, "ఇది మీరే తినండి," అని గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. ఆ రంగు సేమియా పారబోసి, కొట్టు నుంచి మంచిది తెప్పించి, పాయసం కాచి పంపాను. గిన్నె తిరిగి వచ్చేటప్పుడు అందులో ఖర్జూరాలున్నాయి. అప్పటినుంచి ఆ గిన్నె ఎవరిదో ఇద్దరికీ గుర్తులేదు.

తలచుకుంటే తమాషా. ఇన్నేళ్ళూ మేం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నది తక్కువ. అది కింద కుర్చీలో, నేను పైన కటకటాల దగ్గర. నాకు కనిపించేది దాని పాపిట. దానికి కనిపించేది నా నేల అడుగు. నల్లటి పాపిట తెల్లబడేదాకా అలాగే మాట్లాడుకున్నాం. పిల్లల పరీక్షలు, అత్తగార్లు, ఏ బోటు వచ్చింది, ఏ చేప దిగింది. మా ఆయన పోయినప్పుడు పరామర్శకి ఊరంతా పైకొచ్చింది. అదీ వచ్చింది. కానీ మర్నాడు పొద్దున్న కింద నుంచి, "మంగా, కాఫీ తాగేవా?" అన్న మాటతోనే నేను మళ్ళీ మంచం దిగాను.

సర్దడం పూర్తి కాలేదు. రేపు కూడా వెళ్ళాలి.

ఫిబ్రవరి 25, మంగళవారం

ఉప్పు లెక్క వచ్చింది. శ్రీసత్య కాగితం పట్టుకుని తికమక పడుతోంది.

"మేడం, సముద్రం వైపు గోడలో కూడా ఇంత లేదు. మీ బాల్కనీ నేల మధ్యలో మాత్రం దానికి ఎన్నో రెట్లుంది. పైనుంచి కిందకి దిగింది. అక్కడేమైనా ఉప్పు బస్తాలు పెట్టేవారా?"

నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. తెలిసినా, తెలియనట్టు కళ్ళజోడు తుడుచుకున్నాను.

మాగాయ.

ప్రతి ఎండాకాలం మామిడి ముక్కలు ఉప్పులో ఊరేసి, మూడోనాడు పిండి, ఆ బాల్కనీలో గుడ్డ పరిచి ఎండబెట్టడం. సాయంత్రం మళ్ళీ ఆ ఊటలో వెయ్యడం, పొద్దున్న మళ్ళీ తీసి ఎండెయ్యడం. మా ఇంటికి, రజియా ఇంటికి, అమలాపురం చుట్టాలకి, కాలేజీ స్టాఫ్ రూముకి. ఊట కారేది. ఒక చెంబు నీళ్ళు పోసి కడిగేదాన్ని. కడిగితే పోయిందనుకున్నాను. పోలేదు, దిగింది.

మాగాయ ఒక్కటే కాదు. రజియా బాల్కనీకి ఎండ రాదు, నా నేల అడ్డం. అందుకని కరీం బాషాగారు హార్బర్ నుంచి తెచ్చిన చేపలకి ఉప్పు పట్టించి అదీ నా బాల్కనీలోనే ఎండబెట్టుకునేది. ఒక వారం మామిడి, ఒక వారం చేప. వాసన గురించి మా అత్తగారు అన్న మాటలు ఈ డైరీ కూడా మొయ్యలేదు.

ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠం చెప్పాను: ఉప్పు తగిలితే ఇనుము త్వరగా తుప్పు పడుతుంది, కారణాలు వివరింపుము. ఆరు మార్కులు. ఇంటికొచ్చి ఆరు మార్కుల ప్రశ్న మీద ముక్కలు ఎండేశాను.

శ్రీసత్యకి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. రాసుకుంది.

"రిపోర్టులో మాగాయ అని రాస్తావా ఏమిటి?"

"గృహ అవసరాలు అని రాస్తాను మేడం," అంది. మంచి ఇంటి పిల్ల.

ఫిబ్రవరి 26

రజియాకి చెప్పాలి. ఫోన్లో చెప్పే సంగతి కాదు. ఎదురుగా చెప్పే సంగతి కూడా కాదు.

మార్చి 3, సోమవారం

చెక్కుడు మొదలైంది. మేస్త్రీ తాతబాబు. మీసం మెలేస్తేనే గాని పనిముట్టు ముట్టుకోడు.

"అమ్మగోరూ, నాను ముట్టుకున్న కాంక్రీటు మళ్ళీ పడిందన్న మాట నేదు. పడితే నన్ను పిలవండి."

"పడితే పిలవడానికి నోరుండాలి కదా నాయనా."

"ఏటమ్మగోరూ, పొద్దున్నే అలాగంటారు!"

మిషను పెడితే ఇల్లంతా పళ్ళు కొరికినట్టు ఉంది. మధ్యాహ్నానికి ఊచలు బయటపడ్డాయి. చూడకుండా ఉండవలసింది. పొరలు పొరలుగా, వేలితో గీస్తే ఊడివస్తున్నాయి. వీటి మీద నేను నిలబడి జుట్టు ఆరబెట్టుకున్నాను. వీటి కింద అది కూర్చుంది.

ఊచ కనపడగానే తాతబాబు చేతులు దులుపుకున్నాడు. "అయిపోనాది. ఇంకేటి సెక్కుతాం? ముద్ద ఎట్టేద్దాం."

శ్రీసత్య ఒప్పుకోలేదు. "ఊచ వెనక్కి నా వేలు దూరాలి బాబాయ్. ఉప్పు పట్టిన పాత కాంక్రీటు వెనకాల మిగిలితే, పైన ఎంత మంచి ముద్ద పెట్టినా పక్కనే మళ్ళీ తుప్పు మొదలవుద్ది."

"నీ ఏలు సన్నం లెమ్మా. నా ఏలు దూరాలంటే గోడ దాకా ఎల్లిపోవాల."

సాయంత్రం దాకా చెక్కారు. వేలు దూరింది. శ్రీసత్యదే.

మార్చి 5

నాకు చెప్పే అవసరం లేకుండా పోయింది. త్రినాథరావు ఉన్నాక ఈ బిల్డింగుకి పేపరెందుకు? జమీర్‌కి ఫోన్ చేసి మరీ చెప్పాడట.

రజియా ఫోన్.

"మాగాయా?"

"ఎవరు చెప్పారే?"

"మంగా, నిన్నే. నా భుజం ఇరిగింది మాగాయకా?"

"అలాగే అంటున్నారు."

నవ్వడం మొదలుపెట్టింది. నవ్వితే భుజం నొప్పి. నొప్పికి అమ్మో అనడం, మళ్ళీ నవ్వడం. వెనకాల జమీర్ కసురుకోవడం వినిపిస్తోంది. "నవ్వుతావేటి అమ్మీ? సావు తప్పింది నీకు!"

"ఊరుకోరా. అందులో సగం ఉప్పు నా సేపలది. ఆ మాగాయ ముప్పాతిక నువ్వే తిన్నావు," అంది వాడితో.

నేనూ నవ్వాను. చాలా రోజులకి. ఆ ఊపులో, "మరి ఎప్పుడొస్తావే?" అన్నాను.

నవ్వు ఆగిపోయింది. "పని కానీ, సూద్దాం," అని పెట్టేసింది.

కోపం ఉంది. పైకి నవ్వింది గాని లోపల ఉంది. ఉండదా మరి? నాకైతే ఉండేది.

మార్చి 11

ఈరోజు ముద్ద పెట్టారు. ఊచలకి మందు పూసి, పాత కాంక్రీటుని తడిపి, తాతబాబు సంచీ విప్పాడు. బూడిదరంగు పొడిలో తెల్లటి నూగు. మంగలి కొట్లో ముసలివాడి క్షవరం ఊడ్చి కలిపినట్టుంది. కొలిచిన నీళ్ళే పొయ్యాలి. తాతబాబు అలవాటు కొద్దీ ఇంకో మగ్గు ఎత్తబోతే శ్రీసత్య చెయ్యి పట్టుకుంది. తలకిందులుగా, పైకప్పుకి పట్టించాలి. పల్చగా ఒక పొర, అది కాస్త బిగిశాక ఇంకో పొర. జారదు. అదీ దాని గొప్ప.

"ఈ దారం పోగు ఒక్కటీ సూడండమ్మగోరూ, ఊదితే ఎగిరిపోద్ది. అన్నీ కలిత్తే మాత్తరం పట్టిన పట్టు ఒగ్గదు." తాతబాబు ఇదంతా తనే కనిపెట్టినట్టు చెప్పాడు.

"ఊచ పని ఊచదే, దారం పని దారానిదే మేడం. ఊచ బరువు మోస్తుంది. దారాలు చిన్న పగులుని చిన్నగానే ఆపుతాయి," అంది శ్రీసత్య.

సాయంత్రానికి కింద నుంచి చూస్తే నా బాల్కనీకి గడ్డం మొలిచింది. ముద్దలోంచి దారాల కొసలు బయటికి నిక్కాయి. రజియాకి ఇది చెప్తే ఎంత నవ్వేదో. "అల్లుడొచ్చాడే, మాసిన గడ్డంతో," అనేది.

ఫోన్ చెయ్యలేదు. పనిలో ఉన్నాను.

మార్చి 12

కింద అడుగుకి నీళ్ళు చిమ్మడం, పైన గోనెసంచులు పరిచి తడపడం. చెమ్మ ఆరకూడదు. తాతబాబు మనిషిని పెడతానన్నాడు. నేనే చేస్తానన్నాను. ఇన్నేళ్ళు ఉప్పునీళ్ళు పోశాను, నాలుగు రోజులు మంచినీళ్ళు పోస్తే చేతులు అరిగిపోవు.

మార్చి 13

తడిపాను.

మార్చి 14

తడిపాను. మార్కెట్లో మామిడి పిందెలు వచ్చాయట. మధులత చెప్పబోయి నాలిక కరుచుకుంది.

మార్చి 16

తడిపాను. తడుపుతూ అలవాటుగా కటకటాల మీంచి వంగి, "ఒసేయ్, వినపడుతోందా, ఇవాళ పెద్ద బోటు వచ్చిందే," అన్నాను. కింద చీపురు పట్టుకుని ఉన్న తాతబాబు తలెత్తి, "నన్నేనా అమ్మగోరూ?" అన్నాడు.

మార్చి 22, శనివారం

పరీక్ష. నిన్న నా బాల్కనీ నిండా డ్రమ్ములు పెట్టి నీళ్ళు నింపారు. కింద రజియా బాల్కనీలో గడియారం లాంటిది ఒకటి నా నేల అడుగుకి ఆనించి పెట్టారు. బరువుకి ఎంత వంగిందో, దింపాక ఎంత వెనక్కి లేచిందో చెప్తుంది. బిల్డింగంతా రోడ్డు మీద నిలబడి పైకి చూస్తోంది. త్రినాథరావు అందరికంటే దూరంగా, వీధి అవతల నిలబడి ధైర్యం చెప్తున్నాడు.

ఒక రాత్రి అంతా అలా ఉంచారు. పగులు లేదు. వంగిందల్లా నూలుపోగంత. దింపితే తిరిగి లేచింది. శ్రీసత్య సంతకం పెట్టింది. తాతబాబు మీసం మెలేశాడు. కట్టర్ వాడికి రావద్దని చెప్పేశారు. ఏభై ఏళ్ళ తర్వాత నేనే ఒక పరీక్ష పాసైనట్టుంది.

రజియాకి ఫోన్ చేసి చెప్పాను. డ్రమ్ములు, గడియారం, నూలుపోగు, అన్నీ చెప్పాను.

"అలాగా. మంచిది," అంది.

నలభై ఏళ్ళలో అది ఇంత తక్కువ మాట్లాడటం ఎరగను.

ఏప్రిల్ 2, బుధవారం

పండగ వెళ్ళాక రజియాని జమీర్ తీసుకొచ్చాడు. చెయ్యి కట్టు విప్పేశారు. చిక్కింది. గుమ్మంలోనే నా చేతికి ఖర్జూరాల డబ్బా ఇచ్చి, ఇల్లంతా తిరిగి చూసి, దుప్పట్లు కప్పినందుకు కూడా ఏదో వంక పెట్టింది. నా ప్రాణం లేచి వచ్చింది.

జమీర్ బాల్కనీ తలుపు తీసి బయటికి వెళ్ళాడు. నా నేల అడుగుని పిడికిలితో గుద్ది చూశాడు. పైకి వచ్చి నా బాల్కనీలో నిలబడి, చిన్నప్పటిలాగే రెండు కాళ్ళూ ఎత్తి గెంతాడు. "గట్టిగానే ఉంది పెద్దమ్మా," అన్నాడు. ఈసారి నా మొహంలోకి చూసే అన్నాడు. కిందకి వెళ్ళి, "అమ్మీ, నువ్వు ఇక్కడే ఉంటానంటే ఉండు. నాకేటి అభ్యంతరం నేదు," అన్నాడు.

రజియా హాల్లో కూర్చుంది, బాల్కనీకి వీపు పెట్టి.

"అమ్మెయ్యిరా," అంది.

జమీర్ నా వంక చూశాడు. నేను కరీం బాషాగారి ఫొటో వంక చూశాను. ఆదివారం బేరం వాళ్ళు ఇల్లు చూసుకోవడానికి వస్తారట. అంతదాకా సామాను సర్దుకుంటానని అది ఇక్కడే ఉంది.

జమీర్ వెళ్ళాక వంటింట్లోకి వెళ్ళి అడిగేశాను. "మాగాయ కోపమా?"

"నీ తలకాయ కోపం. మాగాయేటి, నువ్వు ఉప్పు బస్తా ఏసినా నాకేటి?" టీ గిన్నె దించింది. ఎడమ చెయ్యి ఇంకా పైకి లేవదు. "ఆ తలుపు గడియ మీద సెయ్యేత్తే సాలు మంగా, ఈ భుజం దానంతట అదే వణుకుతాది. నానాపలేను. అంతా బాగు సేసేరని తెలుసు. నాకు తెలుసు. దీనికి తెల్దు." భుజాన్ని చూపించింది, పక్కింటి మొండి పిల్లని చూపించినట్టు.

తుప్పుకి ఆరు మార్కుల జవాబు ఉంది. దీనికి లేదు.

ఏప్రిల్ 3

పొద్దున్నే నా కుర్చీ కిందకి పట్టుకెళ్ళాను. మధులత మోస్తానంది, వద్దన్నాను. సగం మెట్లు దిగాక ఇచ్చాను. రజియా హాలు దాటి, గడియ తీసి, దాని బాల్కనీలో, నా బాల్కనీ కింద, సరిగ్గా పెచ్చు ఊడిన చోట వేసుకుని కూర్చున్నాను.

"ఏటే అక్కడ?" అంది లోపలి నుంచి.

"కాఫీ తాగుతున్నాను."

"మీ ఇంట్లో సోటు నేదా?"

"ఉంది."

అట్టపెట్టెల్లో గిన్నెలు సర్దుతున్న చప్పుడు.

ఏప్రిల్ 4

మళ్ళీ వెళ్ళాను. ఒక సంగతి కనిపెట్టాను. ఈ కుర్చీలో కూర్చుంటే హార్బర్ కనిపించదు. నిలబడితే కనిపిస్తుంది. కూర్చుంటే దాని పిట్టగోడ అడ్డం. నాకు పైన కటకటాలు, దానికి గోడ. ఈ ఇంటికి ఎన్నోసార్లు వచ్చాను గాని ఇక్కడ ఎప్పుడూ కూర్చోలేదు. నా కుర్చీ పైన ఉండేది కదా.

బోట్లు చూస్తూ కూర్చుంటుందని మొదటి రోజు ఇందులో రాశాను. ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను. ఏ బోటు వచ్చిందే అని అది అడగడం, నేను చెప్పడం. వయసు మీద పడి చూపు ఆనక అడుగుతోందనుకునేదాన్ని. ఇక్కడికి వచ్చిన కొత్తలో కూడా అడిగేది.

గోడ చూస్తూ కూర్చోమంటావా అంది ఆవేళ ఫోన్లో.

కాఫీ చల్లారిపోయింది.

ఏప్రిల్ 5

"లోపలికి రా, ఎండ," అంది.

"ఇక్కడికి ఎండ రాదు. నా నేల అడ్డం."

"పడితే?"

"పడదు."

"అప్పుడూ నువ్వు అలాగే అనుకున్నావు."

కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. తలుపు దగ్గరికి రెండుసార్లు వచ్చింది. రెండోసారి చాలాసేపు నిలబడింది. నేను తల తిప్పి చూడలేదు. పిరికి పిల్ల బోర్డు దగ్గరికి వస్తున్నప్పుడు టీచరు కిటికీలోంచి బయటికి చూడాలి. అది నాకు చేతనైన విద్య.

రాలేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

ఇవాళే బేరం వాళ్ళు వచ్చే రోజు. నేను ఎప్పటికంటే ముందే వెళ్ళి కూర్చున్నాను. హాలంతా పెట్టెలు. కరీం బాషాగారి ఫొటో కూడా దించేసింది. గోడ మీద తెల్లటి నలుచదరం మిగిలింది.

హార్బర్ వైపు నుంచి బోటు కూత వినిపించింది. లేచి నిలబడి చూసి, మళ్ళీ కూర్చుని, పైనుంచి కిందకి చెప్పినట్టే గట్టిగా చెప్పాను. ఎప్పుడూ ఇలాగే చెప్తాను కదా, అందుకని.

"నీలం బోటు వచ్చిందే. నిండుగా వచ్చింది, నీళ్ళలోకి దిగిపోయి ఉంది."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. బీరువా తలుపు కిర్రుమంది. ఏదో వెతుకుతోంది. తర్వాత నా వెనక గడప దగ్గర ఒక టపటప శబ్దం, రెక్కలు విప్పినట్టు.

ముందు గొడుగు వచ్చింది. నల్ల గొడుగు, మగవాళ్ళ గొడుగు, విప్పి ఉంది. తలుపులోంచి పట్టక వంకరగా దూరింది. దాని వెనక రజియా. ఎడమ భుజం వణుకుతోంది. కుడిచేత్తో గొడుగు కర్రని బిగించి పట్టుకుంది. కాలితో పీట ఒకటి తోసుకుంటూ వచ్చి, నా కుర్చీ పక్కన, సరిగ్గా ఆ చోటి కింద కూర్చుంది.

"ఏమిటే ఈ వేషం? డ్రమ్ములకి ఆగిన బాల్కనీ కింద గొడుగా? నిజంగా పడితే ఇది ఆపుతుందా?"

"ఆపదు. తెలుసు."

"మరి?"

"నోరు ముయ్యి."

మూశాను. ఇద్దరం గోడ చూస్తూ కూర్చున్నాం. దాని ఊపిరి పరుగెత్తి పరుగెత్తి, మెల్లగా నడకలోకి వచ్చింది. గొడుగు మాత్రం దించలేదు.

హాల్లో ఫోన్ మోగింది. నేను లేచి తెచ్చాను. జమీర్. బేరం వాళ్ళు బయల్దేరారట, అరగంటలో వస్తారట. ఫోన్ దాని వైపు పట్టాను. అది అందుకోలేదు.

"రావద్దని సెప్పు," అంది. "నాకు సెయ్యి కాళీ నేదు. గొడుగు అట్టుకున్నాను."

ఆ మాటలే ఉన్నదున్నట్టు చెప్పాను. "అలాగే పెద్దమ్మా," అన్నాడు జమీర్.

ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. రజియా పైకి, నా నేల అడుగు వంక చూసింది. నా వంక చూసింది. గొడుగుని కాస్త నా వైపు వంచింది.